‘కరెంటు’ పెడుతున్నారా? మధ్యలో మానెయ్యకండి!



ఈ వారం ఊరగాయల గురించి రాస్తానని పోయిన వారం మాటిచ్చాను. కానీ మొన్న ఒక పెళ్ళిలో తెలిసినావిడ నన్ను పక్కకి పిలిచి, ఎవరైనా వింటారేమోనని అటూ ఇటూ చూసి, "మా ఆడపడుచుకి కరెంటు పెడుతున్నారండీ. ఇరవై అయ్యాయి. పాపం తట్టుకోలేకపోతోంది. ఇంక చాలు, మానిపించేద్దాం అనుకుంటున్నాం" అంది. ఆ మాట విన్న దగ్గర్నుంచీ నాకు మా పిన్నే కళ్ళముందు మెదులుతోంది. ఊరగాయలు వచ్చే వారానికి ఆగుతాయి. ఈ సంగతి ఆగేది కాదు.

కేన్సర్‌కి ఇచ్చే రేడియేషన్ చికిత్సని మన వాళ్ళు ‘కరెంటు పెట్టడం’ అంటారు. నిజానికి అందులో కరెంటు షాకూ లేదు, కాల్చడమూ లేదు. ఎక్స్‌రే తీయించుకున్నట్టే ఉంటుంది. మిషను కింద పడుకోబెడతారు, నాలుగైదు నిమిషాలు కదలకుండా ఉండమంటారు, అయిపోయింది లెమ్మంటారు. నొప్పి తెలియదు. అసలు ఇబ్బందులన్నీ ఇంటికొచ్చాక, రెండో వారమో మూడో వారమో మొదలవుతాయి. అప్పుడు డాక్టరు ఎదురుగా ఉండడు, నర్సు ఉండదు. ఉండేది ఇల్లూ, వంటిల్లూ, మనమూ. అందుకే ఈ పేజీలో ఈ కబురు.

పిన్ని ఎందుకు మానేసింది?

2018లో మా పిన్నికి గర్భసంచి ముఖద్వారం దగ్గర కేన్సర్ అని తేలింది. వాళ్ళది అనకాపల్లి దగ్గర పల్లెటూరు. విశాఖపట్నంలో చూపించారు. వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు, మొత్తం 25 సిట్టింగులు బయటినుంచి రేడియేషన్. వారానికోసారి సెలైన్లో మందు. ఆ తర్వాత లోపలినుంచి మరికొన్నిసార్లు రేడియేషన్. ఇదీ డాక్టర్లు చెప్పిన లెక్క. పిన్ని తెల్లారకుండా లేచి వంట చేసి, క్యారేజీ కట్టి, బస్సెక్కి వెళ్ళి, మధ్యాహ్నానికి తిరిగొచ్చేది.

పదహారో సిట్టింగు అయ్యాక ఒకరోజు "డాక్టరుగారు ఇంక చాలన్నారు" అంది. బాబాయి నమ్మేశాడు. తొమ్మిది రోజులు గడిచాయి. ఆసుపత్రి నుంచి ఫోనొచ్చాక గానీ అసలు సంగతి బయటపడలేదు. బాబాయి కోప్పడితే పిన్ని పెదవి విప్పలేదు. నన్ను రమ్మన్నారు. రాత్రి పక్కన పడుకుని, "ఏమైంది పిన్నీ?" అని అడిగితే చాలాసేపటికి చెప్పింది.

"రోజుకి ఆరేడుసార్లు విరేచనాలవుతున్నాయే అమ్మడూ. బస్సులో కూర్చుంటే ప్రాణం గుప్పిట్లో పెట్టుకోవాలి. ఒకరోజు చీర పాడైపోయింది. కొంగు వెనక్కి కప్పుకుని మధ్యలోనే దిగిపోయాను. ఆ కుర్ర డాక్టరుకి ఈ మాట ఎలా చెప్పమంటావు?"

మర్నాడు నేనే వెంటబెట్టుకుని వెళ్ళాను. డాక్టరుగారు కోప్పడలేదు. "ఈ మాట ఆరోజే చెప్పి ఉంటే మాత్రలిచ్చి, తిండిలో నాలుగు మార్పులు చెప్పేవాణ్ణమ్మా. విరేచనాలు ఇప్పుడైనా తగ్గిస్తాను. పోయిన తొమ్మిది రోజులు మాత్రం తెచ్చివ్వలేను" అన్నారు.

సోదరీ, ఆ చివరి మాట నా చెవుల్లో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. మిగిలిన సిట్టింగులన్నిటికీ నేనే తోడు వెళ్ళాను. ఆ బల్లమీద కూర్చుని, అక్కడి నర్సుల దగ్గరా, ఆహారం గురించి చెప్పే అమ్మాయి దగ్గరా, నాలాగే తోడొచ్చినవాళ్ళ దగ్గరా నేర్చుకున్నవే ఇవన్నీ. నేను డాక్టర్ని కాను. మీ డాక్టరు చెప్పిందానికీ నేను రాసిందానికీ తేడా వస్తే, వాళ్ళ మాటే వినండి.

రోజులు తప్పితే ఏమవుతుంది?

రేడియేషన్ కిరణాలు కేన్సర్ కణాల లోపలి జన్యుపదార్థాన్ని దెబ్బతీసి, అవి పెరగకుండా చేస్తాయి. ఆ దారిలో ఉన్న మంచి కణాలకీ కొంత దెబ్బ తగులుతుంది. అయితే మంచి కణాలకి తమని తాము బాగుచేసుకునే శక్తి ఎక్కువ. అందుకే మొత్తం మోతాదు ఒక్కసారే ఇవ్వకుండా చిన్న చిన్న వాయిదాలుగా ఇస్తారు. ఎన్ని వాయిదాలన్నది జబ్బునిబట్టి ఉంటుంది. రొమ్ము కేన్సర్‌కి ఇప్పుడు చాలామందికి మూడు వారాల్లోనే ముగిస్తున్నారు. నోటికీ గొంతుకీ అయితే ఆరేడు వారాలు పడుతుంది.

మధ్యలో మనం మానేస్తే ఏమవుతుంది? చావగా మిగిలిన కేన్సర్ కణాలు మళ్ళీ పెరగడం మొదలుపెడతాయి. కలుపు సగం తీసి వారం రోజులు వదిలేస్తే చేను ఏమవుతుందో మీకు తెలుసు కదా! గర్భసంచి ముఖద్వారం కేన్సర్‌కి బయటి రేడియేషన్, లోపలి రేడియేషన్ కలిపి ఎనిమిది వారాల్లోపు పూర్తి కావాలని డాక్టర్లు పట్టుబట్టేది ఇందుకే. నోరు, గొంతు కేన్సర్లకీ అంతే. కాబట్టి ఇబ్బంది వచ్చిందంటే మానెయ్యాలని కాదు, చెప్పాలని అర్థం. ఒకవేళ నిజంగా ఆపవలసి వస్తే ఆ నిర్ణయం డాక్టరుదే.

ముందు కొన్ని భయాలు వదిలించుకుందాం

పిన్నికి చికిత్స మొదలవగానే వాళ్ళింట్లో ఒక పెద్దావిడ ఆమె మంచం వరండాలో వేయించి, కంచం, గ్లాసు విడిగా పెట్టించింది. మనవణ్ణి దగ్గరికి రానివ్వలేదు. ఇది చాలా తప్పు. బయటి మిషనుతో ఇచ్చే రేడియేషన్ మిషను ఆపగానే ఆగిపోతుంది. ఒంట్లో మిగిలి ఉండదు. పసిపిల్లల్ని ఎత్తుకోవచ్చు, ఒకే పక్కమీద పడుకోవచ్చు, అందరికీ వండి వడ్డించవచ్చు. గర్భసంచికి లోపలినుంచి ఇచ్చేటప్పుడు కూడా ఆ మూలకాన్ని కొద్ది నిమిషాలు ఉంచి తీసేస్తారు. థైరాయిడ్ కేన్సర్‌కి అయోడిన్ మందు తాగించే పద్ధతి మాత్రం వేరు. అప్పుడు కొన్నాళ్ళు దూరంగా ఉండమని వాళ్ళే స్పష్టంగా చెబుతారు.

ఇంకో భయం జుట్టు. రేడియేషన్ ఎక్కడ పడితే అక్కడే దాని ప్రభావం. తలకి పెడితే తల వెంట్రుకలు రాలతాయి. పొట్టకి పెడితే జడకేమీ కాదు. కీమో మందులు కూడా ఇస్తుంటే ఆ లెక్క వేరు.

నీరసం: బద్ధకం కాదు

ఎక్కడ పెట్టినా దాదాపు అందరికీ వచ్చేది నీరసం. వారాలు గడిచేకొద్దీ పెరుగుతుంది. పడుకుని లేచినా తీరదు. చూసేవాళ్ళకి మనిషి బాగానే కనిపిస్తుంది. అందుకే "పొద్దస్తమానం పడుకునే ఉంటోంది" అనే మాట పడుతుంది. ఇల్లాలు కూడా ఆ మాటకి భయపడి లేని ఓపిక తెచ్చుకుని అంట్లు తోముతుంది.

అలా చేయకండి. ఆ ఐదారు వారాలు ఇంటిపనిని పంచండి. నీళ్ళు పట్టడం, కుక్కరు పెట్టడం మగపిల్లలకీ వస్తాయి, నేర్పకపోతే రావు అంతే. అయితే రోజంతా మంచానికి అతుక్కుపోవడమూ మంచిది కాదు. పొద్దునా సాయంత్రమూ పదేసి నిమిషాలు నడిస్తే నీరసం కాస్త తగ్గుతుంది. మధ్యాహ్నం అరగంట, గంట పడుకుంటే చాలు. ఎక్కువైతే రాత్రి నిద్ర పోతుంది. ఆయాసం, కళ్ళు తిరగడం ఉంటే రక్తం తగ్గిందేమో, చెప్పి పరీక్ష చేయించుకోండి.

చర్మం: సున్నిపిండికి సెలవు

రేడియేషన్ పడిన చోట చర్మం ఎర్రబడుతుంది. మన రంగువాళ్ళకి ఎరుపుకన్నా నలుపే ఎక్కువ కనిపిస్తుంది. దురద, పొట్టు లేవడం, చంకలోనూ రొమ్ము కిందా గజ్జల్లోనూ చెమ్మగా ఊడిపోవడం కూడా ఉండొచ్చు. ఆఖరి సిట్టింగు అయ్యాక వారం పది రోజులు ఇంకా ఎక్కువై, ఆ తర్వాత నెమ్మదిగా మానుతుంది. "అయిపోయింది కదా, ఇంకా పెరుగుతోందేమిటి?" అని కంగారు పడకండి.

స్నానం మానక్కర్లేదు. గోరువెచ్చటి నీళ్ళు పోసుకుని, మెత్తటి సబ్బు వాడి, రుద్దకుండా తుండుగుడ్డతో అద్దుకోవాలి. డాక్టర్లు గీసిన గుర్తులు మాత్రం చెరపకూడదు. సున్నిపిండి, పసుపు, పౌడరు, అమృతాంజనం, సెంటు ఆ చోట వద్దు. వేడినీళ్ళ సంచీ వద్దు, ఐసుముక్కా వద్దు. కొబ్బరినూనె అయినా సరే, అడగకుండా రాయొద్దు. వాళ్ళిచ్చిన పూత మందే రాయండి. ఎండలోకి వెళితే ఆ భాగాన్ని నూలు కొంగుతో కప్పుకోండి.

బట్టల దగ్గరికొద్దాం. రొమ్ముకి పెడుతున్నప్పుడు బిగుతు జాకెట్టు, బ్రా ఒరుసుకుని పుండు పడుతుంది. వదులుగా ఉండే నూలు జాకెట్లు రెండు కుట్టించుకోండి. ఇంట్లో ఉన్నప్పుడు మీ వారి పాత నూలు చొక్కా అన్నిటికన్నా హాయి.

ఇక ఎవరూ పైకి అనని సంగతి ఒకటుంది: మంగళసూత్రం. మెడకో రొమ్ముకో పెడుతున్నప్పుడు గొలుసూ నల్లపూసలూ ఒరుసుకుంటాయి. మిషను దగ్గర ఎలాగూ తీయమంటారు. చాలామంది ఇక్కడే తల్లడిల్లిపోతారు. ఆ బల్లమీద నా పక్కన కూర్చునే ఒకావిడ, అత్తగారు బాధపడతారని రోజూ ఇంటికి పోగానే మళ్ళీ వేసుకునేది. మెడంతా పుండైంది. చివరికి ఆ అత్తగారే, "నీకన్నా తాడెక్కువా?" అని తీసి, పసుపుతాడుతో ముంజేతికి కట్టిందట. అత్తగార్లూ, మీలో ఎవరికైనా ఈ అవసరం వస్తే ఆవిణ్ణి గుర్తుచేసుకోండి.

నోరు, గొంతు: కారానికి వీడ్కోలు

ఉత్తరాంధ్ర సముద్రతీరం పల్లెల్లో ఆడవాళ్ళు చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. ‘అడ్డపొగ’ అంటారు. ఆ వేడికీ పొగకీ అంగిట్లో కేన్సర్ వస్తుంది. మా బల్లమీద అలా వచ్చినవాళ్ళూ ఉండేవారు, గుట్కా నమిలి వచ్చినవాళ్ళూ ఉండేవారు. అందరికన్నా ఎక్కువ అవస్థ వాళ్ళదే. నోరంతా పూత పూస్తుంది. ఉమ్మి చిక్కబడి, క్రమంగా ఎండిపోతుంది. రుచి తెలియదు. "అన్నం మట్టిలా ఉందమ్మా" అనేవారు. వంట బాగా చెయ్యలేదని కోడళ్ళు నొచ్చుకునేవారు. వంటలో తప్పు లేదు, నాలుకలో రుచి పోయింది. కొన్ని నెలలకి చాలావరకు తిరిగొస్తుంది.

మొదలుపెట్టక ముందే పళ్ళడాక్టరుకి చూపించాలి. పాడైన పళ్ళు ముందే తీయించెయ్యాలి. రేడియేషన్ పడిన దవడ ఎముక తొందరగా మానదు కాబట్టి, తర్వాత ఎన్నేళ్ళకైనా సరే, ఆ సంగతి చెప్పకుండా పన్ను పీకించుకోకూడదు.

నోరు పుక్కిలించడం మందుతో సమానం. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో టీ చెంచాడు ఉప్పు, టీ చెంచాడు తినే సోడా కలిపి సీసాలో పోసి పెట్టుకోండి. రెండు మూడు గంటలకోసారి, తిన్న తర్వాతా పుక్కిలించి ఉమ్మెయ్యాలి. ఏ రోజు నీళ్ళు ఆ రోజే కలుపుకోవాలి. మంటపుట్టే బజారు మౌత్‌వాష్‌లు వద్దు. పసిపిల్లల మెత్తటి బ్రష్షు వాడాలి. చుట్ట, బీడీ, కిళ్ళీ, గుట్కా పూర్తిగా మానాలి. చికిత్స జరుగుతుండగా పొగ తాగితే మందు పనిచెయ్యడం తగ్గి, పూత పెరుగుతుంది. దవడలు బిగుసుకుపోకుండా రోజూ నాలుగైదుసార్లు నోరు తెరిచి మూసే వ్యాయామం నేర్పుతారు, మానకుండా చేయించండి.

తిండి సంగతి: ఆవకాయ, చింతపండు పులుసు, నిమ్మరసం, కారప్పొడి, మురుకులు, పొగలు కక్కే కాఫీ — ఇవన్నీ కొన్నాళ్ళు పక్కన పెట్టాలి. చల్లారిన, మెత్తని, బలమైన తిండి కావాలి. రోజుకి మూడుసార్లు పెట్టే బదులు, రెండు గంటలకోసారి కొంచెం కొంచెం పెట్టండి.

మెత్తటి పులగం ఇలా చేయండి. ఒక వంతు బియ్యం, ఒక వంతు పెసరపప్పు కడిగి, ఏడెనిమిది వంతుల నీళ్ళు పోసి, చిటికెడు ఉప్పుతో కుక్కర్లో ఐదారు కూతలు రానివ్వండి. గరిటెతో బాగా మెదిపి, రెండు చెంచాల నెయ్యి వేయండి. మిరియాలు, మిర్చి వెయ్యకండి. ఇంకా మింగలేకపోతే పాలు కలిపి మిక్సీలో తిప్పి గ్లాసులో ఇవ్వండి. ఇడ్లీని పాలల్లో నానబెట్టి పెట్టవచ్చు. గ్లాసు పాలల్లో రెండు చెంచాల పాలపొడి కలిపితే పరిమాణం పెరగకుండా బలం పెరుగుతుంది. రాగిజావ, అరటిపండు వేసి గిలక్కొట్టిన పాలు, కస్టర్డ్, మెత్తగా ఉడికించి మెదిపిన గుడ్డు, ముల్లు తీసిన చేప ఇవన్నీ పనికొస్తాయి.

వారానికోసారి బరువు చూడండి. తగ్గుతూ పోతే చెప్పండి. కొందరికి ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి పాలూ జావా పంపిస్తారు. "గొట్టం వేశారంటే ఇంక అయిపోయినట్టే" అని ఏడవకండి. మింగడం మళ్ళీ వచ్చేదాకా మనిషిని నిలబెట్టే ఉపాయం అది.

పొట్ట: పిన్ని పాఠం

పొట్టకీ పొత్తికడుపుకీ పెట్టినప్పుడు పేగుల లోపలి పొర దెబ్బతిని విరేచనాలు, కడుపునొప్పి, వికారం వస్తాయి. మూత్రం మంట, మాటిమాటికీ వెళ్ళాలనిపించడం కూడా ఉంటుంది. సిట్టింగుకి ముందు నీళ్ళు తాగి మూత్రం బిగపట్టి ఉంచమంటే కొందరు విసుక్కుంటారు. మూత్రసంచి నిండితే పేగులు పైకి జరిగి, వాటి మీద పడే కిరణాలు తగ్గుతాయి. మన మంచికే చెబుతారు.

విరేచనాలు మొదలైతే ఆకుకూరలు, పచ్చి కూరలు, శనగలు, అలసందలు, వేపుళ్ళు, కారం, మసాలా, చిక్కటి కాఫీ ఆపండి. పాలు పడకపోతే అవీ ఆపండి. మెత్తటి అన్నం, పెరుగు, పల్చటి మజ్జిగ, అరటిపండు, బాగా ఉడికించిన బంగాళాదుంప, తొక్క తీసి ఉడికించిన ఆపిల్, ఇడ్లీ పెట్టండి.

పిన్నికి బాగా పడింది సగ్గుబియ్యం జావ. రెండు చెంచాల సగ్గుబియ్యం అరగంట నానబెట్టి, రెండు గ్లాసుల నీళ్ళలో గింజ అద్దంలా అయ్యేదాకా ఉడికించాలి. చల్లారాక చిటికెడు ఉప్పు, గ్లాసు పల్చటి మజ్జిగ కలపాలి. బస్సెక్కే ముందు ఒక గ్లాసు, తిరిగొచ్చాక ఒక గ్లాసు తాగేది.

పోయిన నీళ్ళు తిరిగి ఒంట్లోకి చేరాలి. ఓఆర్‌ఎస్ పొట్లం దగ్గర లేకపోతే, లీటరు కాచిన నీళ్ళలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు తలగొట్టి కొలిచి, కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. ఉప్పు ఎక్కువ కాకూడదు. షుగరు జబ్బు ఉన్నవాళ్ళు ముందు డాక్టర్ని అడగాలి. విరేచనాలు కట్టడానికి మాత్రలుంటాయి. ఎన్ని వేసుకోవాలో డాక్టరే చెప్పాలి. కాళ్ళు కడుక్కునేటప్పుడు గట్టిగా రుద్దకండి, గోరువెచ్చటి నీళ్ళు పోసుకుని మెత్తటి గుడ్డతో అద్దుకోండి.

ఒక్క మాట. ఎవరో ఇచ్చిన చూర్ణాలు, కషాయాలు, బలానికని విటమిన్ బిళ్ళలు డాక్టరుకి చెప్పకుండా వాడొద్దు. మేలు చేస్తాయనుకున్నవే చికిత్సకి అడ్డం రావచ్చు.

ఆడవాళ్ళం కాబట్టి ఇదీ చెప్పుకోవాలి

పొత్తికడుపుకి రేడియేషన్ పెడితే, ఇంకా బహిష్టు ఆగని వయసువాళ్ళకి ఆగిపోవచ్చు. ఒంట్లో ఆవిర్లు, చిరాకు వస్తాయి. పిల్లలు కావాలనుకునేవాళ్ళు మొదలుపెట్టక ముందే డాక్టరుతో మాట్లాడాలి. చికిత్స జరుగుతుండగా గర్భం రాకూడదు. చికిత్స అయ్యాక యోనిమార్గం పొడిబారి, కుంచించుకుపోవచ్చు. అలా కాకుండా ఉండడానికి ఇంట్లో చేసుకునే పద్ధతి ఉంది, సాధనాలున్నాయి, పూతలున్నాయి. కాపురం చెడుతుందేమోనని లోపల కుమిలిపోయేకంటే, లేడీ డాక్టరునో, అక్కడి సిస్టరునో అడగండి. వాళ్ళకిది రోజూ వినే మాటే. అలాగే భర్తకీ తెలియాలి: ఈ కేన్సర్ గానీ, రేడియేషన్ గానీ ఆయనకి అంటుకోవు.

ఆలస్యం చెయ్యకుండా చెప్పవలసినవి

ఒళ్ళు 100.4 డిగ్రీలు దాటి కాలడం, నీళ్ళు కూడా మింగలేకపోవడం, మూత్రం బాగా తగ్గిపోవడం, విరేచనాలు ఆగకపోవడం, రక్తం పడడం, చర్మం చీము పట్టడం, ఆయాసం, తలకి పెడుతున్నవాళ్ళకి ఎడతెగని వాంతులు, మగత. వీటిలో ఏది వచ్చినా మర్నాటిదాకా చూద్దామనకండి. ఆసుపత్రికి ఫోను చెయ్యండి, లేదా తీసుకెళ్ళండి.

అయిపోయాక కూడా చెకప్పులు మానకూడదు. చాలా ఇబ్బందులు కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. కొన్ని మాత్రం నెలలు, ఏళ్ళ తర్వాత వస్తాయి. రొమ్ముకి పెట్టినవాళ్ళకి చెయ్యి వాపు, ఒకటి రెండు నెలలకి పొడి దగ్గు. మెడకి పెట్టినవాళ్ళకి థైరాయిడ్ తగ్గడం. పొత్తికడుపుకి పెట్టినవాళ్ళకి విరేచనంలో రక్తం. "ఎప్పుడో పెట్టిన కరెంటుకీ దీనికీ సంబంధమేమిటి" అనుకోకుండా పాత కాగితాలు పట్టుకుని వెళ్ళండి. ఆ ఫైలు బీరువాలో పట్టుచీరలంత భద్రంగా ఉండాలి.

పాల లెక్క కేలండరు

చివరగా, పిన్ని విషయంలో అన్నిటికన్నా ఎక్కువ పనిచేసిన ఉపాయం చెబుతాను. ఖర్చు లేనిది. పాల లెక్క రాసుకునే గోడ కేలండరుంది చూడండి, దానిమీద రోజూ సిట్టింగు అవగానే ఒక గుండ్రం చుట్టేవాళ్ళం. ఆ గడిలోనే ఆ రోజు ఎన్నిసార్లు విరేచనమైందో అన్ని గీతలు. సోమవారం సోమవారం బరువు. డాక్టరు చూసే రోజున ఆ కాగితం మడిచి సంచీలో పెట్టుకుని వెళ్ళేది. నోటితో చెప్పలేని మాటని ఆ కాగితం చెప్పేది. డాక్టరు గీతలు లెక్కపెట్టి మాత్ర మార్చేవారు, అంతే! అర నిమిషం పని. ఇరవై ఐదో గుండ్రం చుట్టిన రోజు పిన్ని ఆ కేలండరుని కళ్ళకద్దుకుంది.

ఆ తర్వాత లోపలి రేడియేషన్ కూడా పూర్తయింది. దేవుడి దయవల్ల పిన్ని ఇప్పటికీ చెకప్పుకి వెళ్ళి నవ్వుతూ తిరిగొస్తోంది. కానీ ఆ తొమ్మిది రోజుల సంగతి ఎత్తితే మాత్రం ముఖం చిన్నబుచ్చుకుంటుంది. ఆటో ఇటో అన్న భయంతో ఎన్ని రాత్రులు గడిపిందో ఆమెకే తెలుసు. రోజులు తప్పినవాళ్ళందరికీ ఆ అదృష్టం దక్కుతుందని చెప్పలేం.

డబ్బుకి వెనకాడి మానేద్దామనుకునేవాళ్ళకి ఒక సంగతి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో కేన్సర్ రేడియేషన్ కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పథకం పేరు మారినా చికిత్స అందుతోంది. కార్డు పట్టుకుని ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని అడగండి.

పెళ్ళిలో కలిసినావిడకీ ఇదే చెప్పాను. "మీ ఆడపడుచుని మానెయ్యమనీ చెప్పకండి, ఓర్చుకోమనీ చెప్పకండి. ఎక్కడ బాధగా ఉందో అడగండి. చెప్పకపోతే మళ్ళీ అడగండి. రేపు మీరే తోడు వెళ్ళండి" అన్నాను. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఇలాంటి చికిత్సలో ఉన్న తల్లి ఉంటే, ఈ పూట వెళ్ళి పలకరించండి. "ఎలా ఉన్నావు?" అంటే "బాగానే ఉన్నాను" అనే అంటుంది. "ఇవాళ ఏం తిన్నావు? ఎన్నిసార్లు వెళ్ళావు?" అని అడగండి. అప్పుడు నిజం చెబుతుంది.

వచ్చే వారం మాగాయతో కలుద్దాం. అంతవరకూ సెలవు.